హైదరాబాద్‌లో ఒక్కరోజు: లక్క గాజులు, ముత్యాలు, సాలార్‌జంగ్ మ్యూజియం. ఎలా తిరగాలి?

గోదారి_గాలి (రాజమండ్రి):
అందరికీ నమస్తే. మాఘమాసంలో మా ఆడపడుచు పెళ్లి. పేరంటాళ్లకు పంచడానికి లక్క గాజులు, పెళ్లికూతురికి ఒక ముత్యాల సెట్టు, వీలైతే రెండు మూడు పోచంపల్లి చీరలు కొనాలని వచ్చే వారం హైదరాబాద్ వస్తున్నాం. నేనూ, మా అత్తయ్యగారూ. గురువారం రాత్రి రైలెక్కి శుక్రవారం పొద్దున్నే దిగుతాం. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చెల్లి ఉంది. శుక్రవారమంతా తిరిగేసి, శనివారం చెల్లి ఇంట్లో రెస్ట్ తీసుకుని రాత్రి రైలుకి వెళ్లిపోదామని ప్లాన్.

అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, పైగా పూర్తి శాకాహారి. సాలార్‌జంగ్‌లో గంటలు కొట్టే గడియారం చూడాలని ఆవిడకి చిన్నప్పటి నుంచీ కోరికట. అది ఎలాగూ చూపించాలి. దాంతో పాటు చార్మినార్, గోల్కొండ, హుస్సేన్‌సాగర్ బుద్ధుడు, బిర్లా మందిర్, శిల్పారామం కూడా అయిపోతాయా? క్యాబ్ మాట్లాడుకుంటే నయమా?

గచ్చిబౌలి_గణేష్:
అవుతాయండీ, ఎందుకవ్వవు? పొద్దున్నే క్యాబ్ మాట్లాడుకోండి. ఎనిమిదిన్నరకల్లా గోల్కొండ, పదకొండుకి శిల్పారామం, మధ్యాహ్నం భోంచేసి బిర్లా మందిర్, మూడింటికి సాలార్‌జంగ్, అయిదున్నరకి చార్మినార్ దగ్గర షాపింగ్, రాత్రి ఎనిమిదికి ట్యాంక్‌బండ్. మా బాబాయి వాళ్లు వచ్చినప్పుడు ఇలాగే తిప్పాను.

పాతబస్తీ_పోరడు:
గణేష్ అన్నా, మీ బాబాయి వాళ్లు ఇప్పుడు మీతో మాట్లాడుతున్నారా లేదా? ఊరికే అడిగిన.

గోల్కొండ ఊరికి పడమర, శిల్పారామం మాదాపూర్‌లో, చార్మినార్ మూసీకి దక్షిణాన. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను గోల్కొండ ఎక్కిస్తావా? బాలాహిసార్ పైదాకా దగ్గర దగ్గర 360 మెట్లు. కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, పైన ఎవరైనా విన్నారో లేదో చెప్పడానికి మనిషిని పంపాలి! రోజులో సగం ఐటీ కారిడార్ ట్రాఫిక్‌లోనే పోతుంది.

అక్కా, ఒక్క మాట చెప్తా, అది పట్టుకోండి. పాతబస్తీకి చేరినాక మళ్లీ ఇంటికి పోయేదాకా మూసీ దాటొద్దు. మీరు కొనాల్సినవన్నీ, చూడాల్సిన గడియారంతో సహా, నయాపూల్ నుంచి చార్మినార్ దాకా ఒకే రోడ్డు చుట్టుపక్కల ఉన్నయి. మిగతావి ఇంకోసారి.

కాచిగూడ_కల్యాణి:
పోరడు తమ్ముడు చెప్పిందే నా మాట కూడా. దిల్‌సుఖ్‌నగర్ నుంచి క్యాబ్ ఎందుకండీ, మెట్రో ఎక్కితే మారే పనే లేకుండా మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర దిగొచ్చు. స్టేషన్లో లిఫ్టులున్నాయి, అత్తయ్యగారికి ఇబ్బంది ఉండదు. అక్కడి నుంచి సాలార్‌జంగ్ ఆటోలో పక్కనే. చార్మినార్ దాకా మెట్రో ఇంకా రాలేదు కాబట్టి ఆ కాస్త దూరం ఆటోనే గతి.

పది గంటలకి తలుపులు తీయగానే లోపలికి వెళ్లండి. మొత్తం చూడాలనుకోకండి, అది ఒక్కరోజులో అయ్యే పని కాదు. అదంతా ఎక్కువగా ఒకే మనిషి కొని పోగేసిన సరుకు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు, ఉన్నదంతా వస్తువుల మీదే పెట్టారు. ఆయన 1949లో పోయాక 1951లో వాళ్ల దేవిడీలోనే, అంటే వాళ్ల భవంతిలోనే, మ్యూజియం తెరిచారు. ఇప్పటి భవనంలోకి 1968లో మార్చారు. ముందు ముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్లండి. బెంజోనీ అనే ఇటలీ శిల్పి 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ. మొహం మీద పలచటి మేలిముసుగు ఉంటుంది, అదీ రాయే. తడిబట్ట కప్పినట్టు లోపలి ముక్కు, పెదవులు కనిపిస్తాయి. తర్వాత మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా చెక్క బొమ్మ. ముందు నుంచి మగవాడు, వెనక అద్దంలో తలొంచుకున్న ఆడపిల్ల, రెండూ ఒకే దుంగలో.

గడియారానికి మాత్రం మధ్యాహ్నం పన్నెండింటి ఆట పట్టుకోండి. గంటకోసారి గడ్డం మనిషి బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికెళ్లిపోతాడు. ఒంటి గంటకి వెళ్తే ఒక్క దెబ్బతో సరి! పన్నెండింటికి జనం ఎక్కువ ఉంటారు, కాస్త ముందే వెళ్లి చోటు చూసుకోండి.

ఒంటిగంటకల్లా బయటపడి భోజనం చేసి, చౌమహల్లా ప్యాలెస్. అక్కడ ఎక్కువ నడక ఉండదు, షాండ్లియర్ల కింద కాసేపు కూర్చోవచ్చు. అక్కడి నుంచి లాడ్ బజార్ నడిచి వెళ్లేంత దూరమే. సాయంత్రం గాజులు, పత్తర్‌గట్టిలో ముత్యాలు చూసుకుని, చీకటి పడ్డాక దీపాల వెలుగులో చార్మినార్ చూసి వెళ్లిపోండి.

గోదారి_గాలి:
అబ్బ, కల్యాణి గారూ, ప్రింట్ తీసి పర్సులో పెట్టుకుంటాను. చార్మినార్ పైకి ఎక్కనిస్తారా?

కాచిగూడ_కల్యాణి:
మొదటి అంతస్తు దాకా ఎక్కనిస్తారు. ఇరుకైన గుండ్రటి మెట్లు, వాటి ఎత్తు కూడా ఒక తీరుగా ఉండదు. మీరు ఎక్కండి, అత్తయ్యగారిని కింద కూర్చోబెట్టండి. సాయంత్రమైతే టికెట్లు ఆపేస్తారు కాబట్టి ఎక్కాలంటే షాపింగ్‌కి ముందే.

మల్కాజిగిరి_మాస్టారు:
అమ్మా కల్యాణీ, ప్లాన్ అద్భుతంగా ఉంది. ఒకటే చిక్కు. వాళ్లు తిరిగేది శుక్రవారం. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు. చౌమహల్లాకు కూడా శుక్రవారమే సెలవు. పైగా మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజు, చార్మినార్ చుట్టూ అడుగు తీసి అడుగు వేయలేరు. చాలా షాపులు ఆ వేళకు షట్టర్ దించి తర్వాత తీస్తారు.

పాతబస్తీ_పోరడు:
వామ్మో. ఇంతమందిమి ఇన్ని మాటలు చెప్పినం, ఒక్కరికీ తట్టలే. సలాం మాస్టారూ.

గోదారి_గాలి:
మాస్టారూ, మీ నోట్లో చక్కెర పొయ్య! అత్తయ్యగారిని మూసిన గేటు ముందుకి తీసుకెళ్లి ఉంటే పెళ్లి అయ్యేదాకా ఆ మాటే వినాల్సొచ్చేది నేను. అయితే శుక్రవారం చెల్లి ఇంట్లో రెస్ట్, శనివారం తిరుగుడు. రైలు రాత్రి కాచిగూడ నుంచే కాబట్టి సరిపోతుంది.

మల్కాజిగిరి_మాస్టారు:
శనివారం దివ్యంగా ఉంటుంది. ఇంకో చిన్న సంగతి. సిటీ బస్సులో ఆడవాళ్లకు ఉచితం అని విని ఎక్కేరు సుమా. 2023 డిసెంబరు నుంచి ఇస్తున్న ఆ జీరో టికెట్ తెలంగాణ వాళ్లకే. కండక్టర్‌కు ఇక్కడి చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మీ చెల్లెలికి ఫ్రీ, మీకూ మీ అత్తగారికీ టికెట్. కొంతమంది బంధువులు ఆధార్ తీసి చూపించి కండక్టర్‌తో వాదన పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

లక్కగాజుల_లత:
గాజుల సంగతి నేను చెప్తానండీ, మా అమ్మమ్మగారి ఊరే చార్మినార్ దగ్గర. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లక్కను బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి, సన్నగా కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి అతుకుతారు. అది ఇంకా వేడిగా ఉండగానే రాళ్లు, అద్దాలు ఒక్కొక్కటీ చేత్తో పొదుగుతారు. వెనక సందుల్లోకి వెళ్తే గుమ్మాల దగ్గర కూర్చుని చేస్తూ కనిపిస్తారు. చూడనిస్తారు, ఫోటోకి మాత్రం ముందు అడగండి.

సైజు జాగ్రత్త. 2-4, 2-6, 2-8 అంటారు. రెండు పాయింట్ నాలుగు అని కాదు, రెండు అంగుళాలపైన పదహారింట నాలుగు వంతులని. అంటే 2-4 రెండుంపావు అంగుళాలు. లక్క గాజు మట్టి గాజులా సబ్బు రాసి తోస్తే ఎక్కదు, బలవంతం చేస్తే విరుగుతుంది. పేరంటానికైతే ఎక్కువ భాగం 2-6 తీసుకోండి, కొన్ని 2-8, సన్నటి చేతుల పిల్లలకు కాసిని 2-4. పెళ్లికూతురి సైజు ఆవిడ వేసుకునే పాత గాజు ఒకటి వెంట తెచ్చుకుని చూపించండి.

ఇంకోటి, గిఫ్టు సెట్లలో సగం లక్క కాదు. రేకు గాజు మీద గమ్ముతో రాళ్లు అంటించినవి. ధర తక్కువ, పంచడానికి ఫర్వాలేదు, లక్క ధరకి మాత్రం కొనకండి. అసలుది చేతిలోకి తీసుకుంటే లోపలి వైపు నున్నగా తగులుతుంది.

గచ్చిబౌలి_గణేష్:
బేరం సంగతి చెప్పలేదు మీరు. వాళ్లు ఎంత చెప్తే అందులో సగం నుంచి మొదలుపెట్టాలి. అంతే రూల్.

పాతబస్తీ_పోరడు:
అన్నా, ఆ రూల్ ఫుట్‌పాత్ మీద. హోల్‌సేల్ గాజుల దుకాణంలో సగం అడిగితే ఆయన నవ్వి పక్క కస్టమర్‌తో మాట్లాడుకుంటడు. వాళ్ల దగ్గర ఎన్ని డజన్లు తీసుకుంటున్నరో ముందే చెప్తే ధర దానంతటదే దిగుతది. ఒక్కో సెట్టుకీ బేరమాడొద్దు. అన్నీ పక్కన పెట్టించి చివర్ల ఒకేసారి మొత్తం మీద అడగండి. హిందీ రాదని టెన్షన్ కూడా వద్దు, అందరికీ తెలుగొస్తది. మీ గోదారి యాస వింటే వాళ్లకే సరదా.

సింగిల్_టికెట్:
పాతబస్తీలో ముత్యాలు కొనొద్దు అంటాను నేను. మా ఇంట్లో వాళ్లు రోడ్డు మీద ఒకతను చూపిస్తే దండ కొన్నారు. పండక్కి వేసుకునేసరికి పెచ్చులూడింది. బ్రాండెడ్ షోరూముకే వెళ్లండి.

ముత్యాల_మూర్తి:
రోడ్డు మీద కొన్నదానికి బజారంతటినీ తిట్టకండి సర్. పత్తర్‌గట్టిలో తరాలుగా ఇదే పనిలో ఉన్న దుకాణాలున్నాయి.

సముద్రం లేని ఊరికి ముత్యాల పేరెలా వచ్చిందని అడుగుతుంటారు. నిజాములు, నవాబులు కొనేవాళ్లు కాబట్టి గల్ఫ్ నుంచి సరుకు ఇక్కడికి వచ్చేది. తొలిచే పని, వన్నెల వారీగా ఏరే పని, గుచ్చే పని ఇక్కడ స్థిరపడింది. ఇప్పుడు వచ్చేది ఎక్కువ భాగం చైనా మంచినీటి చెరువుల్లో పెంచిన ముత్యం. పెంచింది అంటే నకిలీ అని కాదు, ఆల్చిప్పలో పెరిగిందే. బస్రా, అంటే గల్ఫ్‌లో సహజంగా దొరికిన ముత్యం, అని చెప్పి చవగ్గా ఇస్తామంటే మాత్రం లేచి వచ్చేయండి.

పరీక్ష తేలికే. ముత్యాన్ని ముందుపళ్ల అంచుకి మెల్లగా రాయండి. నిజమైనదైతే సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడుతుంది, ప్లాస్టిక్‌దైతే జారుతుంది. దుకాణంలో కొందరు లైటర్ మంట చూపించి తుడుస్తారు, వేడికి నిజమైనదీ పాడయ్యే వీలుంది. మీరు ఇంటి దగ్గర మాత్రం ఆ ప్రయోగం చేయకండి. తొలిచిన రంధ్రం చూడండి. అంచు దగ్గర రంగు పొరలా లేచి ఉంటే అనుమానించాలి. దండలో ముత్యాలన్నీ అచ్చుపోసినట్టు ఒకే గుండ్రం, ఒకే మెరుపు ఉండి ధర తక్కువ చెప్తే ఇంకా అనుమానించాలి. బిల్లు మీద 'మంచినీటి పెంపకం ముత్యం' అని రాయించుకోండి. రాయనంటే కొనకండి.

గుచ్చేటప్పుడు ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయమనండి. తెగినా ఒక్కటే పోతుంది. సెంటు కొట్టుకున్నాక ఆరనిచ్చి వేసుకోవాలి, తీశాక మెత్తటి గుడ్డతో తుడవాలి.

సింగిల్_టికెట్:
ముడి సంగతి తెలీదు. బాగుంది. కానీ షోరూమే బెటర్ అనే నా మాట వెనక్కి తీసుకోను.

కాచిగూడ_కల్యాణి:
పోచంపల్లి చీరలకు అక్కడ వెతకకండి. చేనేత సహకార సంఘం దుకాణానికి శుక్రవారం చెల్లిని వెంటబెట్టుకుని వెళ్లి రండి. చీర తిరగేసి చూడండి. ఇక్కత్‌లో నూలుకే ముందు రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది, అంచుల్లో రంగు కాస్త ఒకదాంట్లోకి ఒకటి పాకినట్టుంటుంది. వెనక వెలిసిపోయినట్టుంటే అది ప్రింటు.

గోదారి_గాలి:
మరి అత్తయ్యగారి భోజనం? పాతబస్తీ అంటే ఆవిడ అక్కడ మంచినీళ్లు కూడా తాగనంటున్నారు.

పాతబస్తీ_పోరడు:
అయ్యో, చార్ కమాన్, గుల్జార్ హౌజ్ వైపు పొద్దున బండి మీద వెన్న దోశ తినని హైదరాబాదీ లేడు అక్కా. మార్వాడీల మిఠాయి దుకాణాలు, పూరీ కూర కొట్లు అక్కడే ఉంటయి. మధ్యాహ్నం భోజనానికి మాత్రం ఆటో ఎక్కి ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్‌కు పోతే ఇడ్లీ సాంబార్ నుంచి భోజనం దాకా అంతా శాకాహారమే.

మల్కాజిగిరి_మాస్టారు:
ఆబిడ్స్ వెళ్తే మూసీ దాటాలి నాయనా. నువ్వు పెట్టిన రూల్ నువ్వే తీసేశావు.

పాతబస్తీ_పోరడు:
పెద్దావిడ ఆకలి ముందు మూసీ ఎంత మాస్టారూ!

లక్కగాజుల_లత:
చెల్లి చేత పులిహోర, పెరుగన్నం కట్టించుకుని వెళ్లండి. ఆవిడ హాయిగా తింటారు.

(తర్వాతి ఆదివారం)

గోదారి_గాలి:
వెళ్లొచ్చాం! అందరికీ పేరు పేరునా థాంక్స్.

పన్నెండు దెబ్బలూ విన్నాం. గడ్డం మనిషి బయటికి రావడానికి ముందు హాల్లో ఇంతమందీ ఒక్కసారి మాట ఆపేశారు. కొట్టి లోపలికెళ్లగానే అత్తయ్యగారు, "ఇంతేనా? మా ఊరి గుడిలో గంట ఇంతకంటే పెద్దగా మోగుతుంది," అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ రెబెక్కా దగ్గర మాత్రం కదలరే! ఆ ముసుగు అంచు మడత మీద దుమ్ముందా, రాయిలోనే అలా ఉందా అని వంగి వంగి చూశారు. గార్డు వచ్చి "అమ్మా, కొంచెం వెనక్కి" అనేదాకా అక్కడే.

పులిహోర సలహా లత గారిది, కోటి నమస్కారాలు. ముందు ఒక ఆటో అతను చార్మినార్ దగ్గరికి నోటికొచ్చింది అడిగితే, అత్తయ్యగారు ఎక్కిన ఆటో దిగి నడుస్తానని బయల్దేరారు. మోకాళ్ల నొప్పులు ఆ క్షణంలో ఎటు పోయాయో! తర్వాత అతనే వెనకాల వచ్చి సరైన రేటుకి తీసుకెళ్లాడు.

గాజుల కొట్లో నేను సైజు చెప్పబోతుంటే ఆ పెద్దాయన నా చెయ్యి చూపించమని, బొటనవేలు కింది ఎముక దగ్గర రెండు వేళ్లతో నొక్కి "2-6, గట్టిగా 2-8" అన్నారు. నిజంగానే 2-6 ఎక్కడానికి కాస్త ఏడిపించింది, 2-8 సరిపోయింది. పంచడానికి రేకు సెట్లు, పెళ్లికూతురికి, ఇంట్లో ఆడవాళ్లకి లక్కవి తీసుకున్నాం. పోరడు తమ్ముడు చెప్పినట్టు అన్నీ పక్కన పెట్టించి చివర్లో అడిగాం. తగ్గించడమే కాక మా చెల్లి కూతురికి ఒక జత ఊరికే తొడిగారు. అద్దాల మెరుపుకి ఆ వీధిలో బల్బులు అక్కర్లేదు. ఆకుపచ్చ, రాణీరంగు, పసుపు, నెమలి నీలం, అన్నీ ఒకదాని మీద ఒకటి గొట్టాల్లా పేర్చి, పైనుంచి కింద దాకా. ఒక్కటి అడిగితే మధ్యలోంచి చటుక్కున లాగిచ్చేస్తారు, మిగతావి కదలవు!

ముత్యాలు మూడు కొట్లు తిరిగి కొన్నాం. రెండో కొట్లో 'పెంపకం ముత్యం' అని బిల్లులో రాయమంటే "అవన్నీ రాయమండీ" అన్నారు, లేచి వచ్చేశాం. మూడో ఆయన అడక్కుండానే రాసి, ముళ్లు వేయించి ఇచ్చారు.

ఇక చాయ్. బిస్కట్ ముంచుకుని తాగాక ఆవిడ ఇంకో కప్పు అడిగారు. మంచినీళ్లు కూడా తాగనన్న మనిషి.

ముత్యాల_మూర్తి:
రాయనన్న చోటి నుంచి లేచి రావడం, అదీ పద్ధతి. సింగిల్ టికెట్ గారూ, వింటున్నారా?

సింగిల్_టికెట్:
వింటున్నా. ఈసారి మీతోనే వెళ్తా, సరేనా?

లక్కగాజుల_లత:
లక్క గాజులు ఎండలో ఆగిన కారులో వదిలేయకండమ్మా, మెత్తబడి వంగుతాయి. జతకో కాగితం చుట్టి, డబ్బా నిండా కుక్కకుండా పెట్టండి. రైల్లో ఒళ్లో పెట్టుకుని వచ్చారో, సీటు కిందకి తోశారో?

గోదారి_గాలి:
ఒళ్లోనే. అత్తయ్యగారి ఒళ్లో. రాత్రంతా నిద్రపోలేదు, నన్నూ పోనివ్వలేదు.

ఏలూరు_ఏకాంబరం:
ఈ చర్చ ఇప్పుడే చదివాను, చాలా పనికొచ్చింది. మేం జనవరి రెండో వారంలో వస్తున్నాం, నలుగురం, చీకటి పడే వేళకి ఖాళీ. ఇదే దారి పట్టమంటారా?

మల్కాజిగిరి_మాస్టారు:
పగలు ఖాళీ లేకపోతే సాలార్‌జంగ్ మీకు అందదు, అయిదింటికే మూసేస్తారు. జనవరి అంటున్నారు కాబట్టి నాంపల్లిలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్‌కు వెళ్లండి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, ఇప్పుడు ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరుగుతుంది. కశ్మీరు శాలువాలు, లక్నో చికన్ ఎంబ్రాయిడరీ బట్టలు, నిర్మల్ బొమ్మలు, అన్నీ ఒకే చోట. గాంధీభవన్ మెట్రో స్టేషన్లో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. కారు మాత్రం తేవద్దు, పార్కింగ్ దొరికేసరికి మీ సాయంత్రం అయిపోతుంది. పిల్లలుంటే జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి, జనం అలా ఉంటారు. శని, ఆదివారాలు వద్దు.

పాతబస్తీ_పోరడు:
లోపల మిర్చి బజ్జీ మాత్రం మిస్సవ్వొద్దు ఏకాంబరం గారూ. శాలువాలకు మొదటి స్టాల్లోనే పర్సు తీయకండి, అదే సరుకు నాలుగు స్టాళ్ల అవతల ఇంకో ధరకు ఉంటది. మూసీ దాటే పని కూడా లేదు మీకు.